ఆ రెసిడెన్సీకి డబ్బు ఎవరు పెడుతున్నారు? కళాకారుల ప్రశ్నలు, జవాబులు

విదేశీ రెసిడెన్సీలు (కళాకారులు కొన్నాళ్లు ఉండి పని చేసుకునే చోట్లు), గ్రాంట్ల మీద సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాం. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను. ఎవరి ప్రశ్న వాళ్లకు చూడగానే తెలుస్తుంది.

ప్రశ్న: నేను పెయింటింగ్ చేస్తాను. విదేశాల్లో ఏదైనా రెసిడెన్సీకి అప్లై చేద్దామని ఏడాదిగా చూస్తున్నాను. వెతికితే వందల ఓపెన్ కాల్స్ (అప్లై చేయమని పిలిచే ప్రకటనలు) కనిపిస్తున్నాయి, ఏది మంచిదో, ఏది నాకు సరిపోతుందో తెలియక ఒక్కదానికీ అప్లై చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?

జవాబు: వెతికే చోట్లు ముందు చెప్పేస్తాను, అది తేలికైన భాగం. రెస్ ఆర్టిస్ అని 1993లో మొదలైన రెసిడెన్సీల అంతర్జాతీయ సంఘం ఉంది, నెదర్లాండ్స్ నుంచి నడిచే ట్రాన్స్‌ఆర్టిస్ట్స్ ఉంది, కళాకారుల ప్రయాణాలకు సాయం చేసే అవకాశాలన్నీ పోగుచేసి ఉచితంగా పెట్టే ఆన్ ద మూవ్ ఉంది, అమెరికాలోని వాటి కోసం ఆర్టిస్ట్ కమ్యూనిటీస్ అలయన్స్ ఉంది. మొదట్లో ఈ నాలుగూ చాలు. ఎవరో షేర్ చేసిన పోస్టర్ చూసి నేరుగా ఫారం నింపొద్దు, ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌కి వెళ్లి తేదీ, షరతులు అక్కడే చదవండి. పోయినేడాది పోస్టర్లు ఈ ఏడాదివన్నట్టు తిరుగుతూనే ఉంటాయి.

జాబితా చేతికొచ్చాక ప్రతి రెసిడెన్సీ దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ డబ్బు ఎవరిది? దాతదా, ప్రభుత్వానిదా, లేక మీదేనా? ఇది తేలితే ఎవరిని తీసుకుంటారు, ఏమిస్తారు, బదులుగా ఏం అడుగుతారు అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. అర్హతల పేజీ చదువుతూ ఇదేం రూలు అని విసుక్కుంటాం కదా, చాలాసార్లు ఆ రూలు వెనక ఎవరో రాసిన వీలునామా ఉంటుంది.

మీరు పెయింటర్ కాబట్టి మీకు పనికొచ్చేదే తీసుకుందాం. చిత్రకారిణి లీ క్రాస్నర్ 1984లో పోయారు. తన ఆస్తి కళాకారులకు చెందాలని ఆవిడ రాసి వెళ్లడంతో 1985లో పొల్లాక్-క్రాస్నర్ ఫౌండేషన్ వచ్చింది, అందులో మొదటి పేరు ఆవిడ భర్త జాక్సన్ పొల్లాక్‌ది. ఇద్దరూ పెయింటర్లే. ఆ డబ్బు ఇవాళ్టికీ పెయింటర్లకు, శిల్పులకు, ప్రింట్లు వేసేవాళ్లతో సహా కాగితం మీద పనిచేసేవాళ్లకు వెళ్తుంది, వీడియో, పర్ఫార్మెన్స్ చేసేవాళ్లకు వెళ్లదు. ఏ దేశం వాళ్లయినా అడగొచ్చు. పని ఎలా ఉందో చూస్తారు, దానితో పాటు మీకు డబ్బు అవసరం ఎంత ఉందో కూడా చూస్తారు. చదువుకుంటున్న విద్యార్థులకు మాత్రం ఇవ్వరు.

దాతల ఇళ్లే రెసిడెన్సీలుగా మారినవీ ఉన్నాయి. అమెరికాలో సరటోగా స్ప్రింగ్స్ దగ్గర యాడో అనే ఎస్టేట్ ట్రాస్క్ దంపతులది. వాళ్ల నలుగురు పిల్లలూ చనిపోయారు. ఆ ఇల్లు రచయితలకు, కళాకారులకు దక్కాలని 1900లో నిర్ణయించుకున్నారు, మొదటి అతిథులు 1926లో వచ్చారు. న్యూ హాంప్‌షైర్‌లోని మెక్‌డవెల్‌ని సంగీతకర్త ఎడ్వర్డ్ మెక్‌డవెల్, ఆయన భార్య మేరియన్ 1907లో మొదలుపెట్టారు. అక్కడ మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి స్టూడియో గుమ్మం దగ్గర వదిలి వెళ్తారు, పని మధ్యలో ఎవరూ తలుపు తట్టరు. వెళ్లిపోయేటప్పుడు స్టూడియో గోడకున్న చెక్క పలక మీద పేరు రాసి వెళ్తారు, మీకంటే ముందు ఆ గదిలో ఎవరెవరు పనిచేశారో అన్ని పేర్లూ అక్కడే ఉంటాయి. ఇలాంటి చోట్ల ఉండటానికి, తినడానికి డబ్బు తీసుకోరు, చివర్లో ప్రదర్శన పెట్టి తీరాలని కూడా అడగరు. డబ్బు పెట్టినవాళ్లు కోరుకున్నది కళాకారులకు సమయం దొరకడం, అంతే.

ప్రభుత్వ డబ్బు తీరు వేరు. బెర్లిన్ మధ్యలో 1961లో గోడ లేచాక పశ్చిమ బెర్లిన్ కళాపరంగా ఒంటరిదైపోకూడదని 1963లో ఫోర్డ్ ఫౌండేషన్ విదేశీ కళాకారులను అక్కడికి పిలవడం మొదలుపెట్టింది, తర్వాత జర్మన్ ప్రభుత్వ డబ్బుతో నడిచే డీఏఏడీ అనే సంస్థ దాన్ని తీసుకుంది, అదే ఇవాళ్టి ఆర్టిస్ట్స్-ఇన్-బెర్లిన్ కార్యక్రమం. ఇలాంటివి కళాకారుడికి సాయం చేస్తాయి, ఆ నగరానికి పేరు కూడా తెస్తాయి, కాబట్టి మీరు అక్కడివాళ్లతో కలవాలి, మాట్లాడాలి, నాలుగు చోట్ల కనిపించాలి అని ఆశిస్తాయి. ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకోవాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. పారిస్‌లో 1965లో తెరిచిన సిటే ఇంటర్నేషనల్ దెజార్‌లో 300కు పైగా స్టూడియోలున్నాయి. వాటిలో చాలావాటిని వేర్వేరు దేశాలు, సంస్థలు తమ కళాకారుల కోసం తీసి పెట్టుకున్నాయి. బెర్లిన్‌లోని కున్‌స్లర్‌హౌస్ బెథానియెన్‌కి కూడా ఎక్కువమంది ఏదో ఒక భాగస్వామి సంస్థ డబ్బుతోనే వెళ్తారు. అంటే భవనం ఒకటే అయినా లోపలికి దారులు చాలా, మీ దారి ఏ సంస్థ గుండా పోతుందో కనుక్కోవాలి. అలాంటి చోట్లకు "మా దేశం వాళ్లకు స్టూడియో కేటాయించిన సంస్థ ఏదైనా ఉందా?" అని రెండు లైన్ల మెయిల్ రాయండి. జవాబిస్తారు.

డబ్బు మీదే అయ్యే మూడో రకం గురించి కింద ఇంకొకరు అడిగారు, అక్కడ చెప్తాను. మీరు మాత్రం ఈ వారంలో ఐదారు పేర్లు రాసుకోండి, ఎవరి డబ్బు, ఏమిస్తారు, ఎవరికి, ఏ నెలలో పిలుస్తారు అన్నవి పక్కనే రాసుకోండి. ఎక్కువ సంస్థలు ఏటా అదే నెలలో పిలుస్తాయి కాబట్టి దాటిపోయిన డెడ్‌లైన్ కూడా వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ప్రశ్న: ఒక సంస్థకు అప్లై చేస్తే వారంలోనే "అభినందనలు, మీరు ఎంపికయ్యారు" అని మెయిల్ వచ్చింది. లోపల చూస్తే నెలకు 1,800 యూరోలు నేనే కట్టాలట, చోటు ఉంచాలంటే మూడు రోజుల్లో సగం పంపాలట. అప్పు చేసైనా వెళ్లమని ఇంట్లో అంటున్నారు. ఇది మోసమా మేడమ్?

జవాబు: డబ్బు తీసుకున్నంత మాత్రాన మోసం కాదు. ఐస్‌లాండ్‌లో స్కాగాస్ట్రోండ్ అనే చిన్న ఊళ్లో నెస్ రెసిడెన్సీ ఉంది, రేక్యావిక్‌లో కళాకారుల సంఘమే నడిపే సిమ్ రెసిడెన్సీ ఉంది, రెండూ అద్దె తీసుకుంటాయి, ఆ సంగతి దాచవు. వెనక పెద్ద దాత లేకుండా, కళాకారులే కలిసి నడుపుకునే ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. వేరే ఎక్కడో గ్రాంట్ తెచ్చుకుని అక్కడ గడిపి మంచి పని చేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు.

మీకొచ్చిన మెయిల్‌లో నాకు నచ్చనివి రెండు. ఫీజు సంగతి ఎంపికయ్యాక చెప్పడం ఒకటి, మూడు రోజుల గడువు ఇంకోటి. జ్యూరీ, అంటే ఎంపిక కమిటీ, కూర్చుని అప్లికేషన్లు చదివే చోట జవాబుకు నెలలు పడుతుంది. వారంలో వచ్చిందంటే బహుశా ఎవరూ పెద్దగా చూడలేదు, వచ్చినవాళ్లందరికీ అదే అభినందన వెళ్లి ఉంటుంది. ఈ మాట మీకు బాధగా ఉంటుందని తెలుసు, కానీ అప్పు దాకా వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు.

పంపే ముందు వాళ్లను నాలుగు అడగండి: పోయినేడాది వచ్చిన కళాకారుల పేర్లు, మీకిచ్చే స్టూడియో ఫొటోలు, కొలతలు, రాతపూర్వక ఒప్పందం, వీసా రాకపోతే డబ్బు వెనక్కిస్తారా లేదా అన్న మాట రాతలో. పేర్లు ఇస్తే ఊరుకోకుండా ఇద్దరికి రాయండి. చెప్పిన స్టూడియో ఇచ్చారా, రాత్రిపూట గది వెచ్చగా ఉందా అని అడగండి. వెళ్లొచ్చిన కళాకారులు సాటి కళాకారులకు దాచకుండా చెప్తారు, ఈ రంగంలో నాకు బాగా నచ్చే గుణం అది. సరైన సంస్థ అయితే ఈ నాలుగింటికీ విసుక్కోకుండా జవాబిస్తుంది, "త్వరపడండి" అని మళ్లీ మెయిల్ పెడితే మీ సందేహం అక్కడితో తీరిపోయినట్టే.

అప్పు చేసి మాత్రం వెళ్లకండి. ఈ లెక్కలో డబ్బు పెట్టేది మీరే, అంటే మీరు అక్కడ అద్దెకు దిగుతున్నారు, అంతకు మించి కాదు. స్టూడియో అద్దె తీసుకోవడంలో తప్పేమీ లేదు, చేతిలో డబ్బుంటే, ఆ చోటు మీ పనికి కావాలంటే. సీవీలో ఒక లైను కోసం అయితే వద్దు. "మీ చిత్రాలు మా అంతర్జాతీయ ప్రదర్శనకు ఎంపికయ్యాయి, గోడకు ఇంత కట్టండి" అని వచ్చే మెయిల్స్‌కీ ఇదే జవాబు.

అప్లికేషన్ ఫీజు వేరే సంగతి. పాతిక, ముప్పై డాలర్లు అడగడం అమెరికాలో మామూలే. కట్టలేమని మర్యాదగా రాస్తే మాఫీ చేసే చోట్లు చాలా ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నేను మట్టితో, పాత బట్టలతో శిల్పాలు చేస్తాను. అప్లికేషన్‌లో నా పని గురించి చెప్పే స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో రాయడం నాకు రాదు. ఏఐతో రాయించాను, చదవడానికి బాగానే ఉంది కానీ అది నా గురించి కాదనిపిస్తోంది. ఏం చేయను?

జవాబు: మీకు అనిపించింది నిజం, ఆ స్టేట్‌మెంట్ పక్కన పెట్టేయండి. మీరు ఉత్తరంతో పాటు పంపిన దాంట్లో మొదటి వాక్యం "నా కళ జ్ఞాపకం, గుర్తింపు, స్థలం మధ్య సంబంధాలను అన్వేషిస్తుంది" అని ఉంది. దీని కింద ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. అదే ఉత్తరంలో మీ మాటల్లో మీరు రాసింది చూడండి: "పాత దుప్పట్లను పలచటి మట్టి నీళ్లలో నానబెట్టి, మడతపెట్టి, ఆరాక కొలిమిలో పెడతాను. బట్ట కాలిపోతుంది, మడత మిగులుతుంది." నేను ఎంపిక కమిటీల్లో కూర్చున్నప్పుడు ఇలాంటి రెండు వాక్యాల కోసమే ఎదురుచూసేదాన్ని. చేతులతో ఏం చేస్తున్నారో తెలిసింది, ఎందుకు చేస్తున్నారో చెప్పకుండానే సగం అర్థమైంది, ఫొటో చూడాలనిపించింది.

కాబట్టి ముందు తెలుగులో రాయండి, మీకు బాగా తెలిసిన మనిషికి చెప్తున్నట్టు. ఏ వస్తువు, దాన్ని ఏం చేస్తారు, ఏ దగ్గర కష్టం వస్తుంది, ఇప్పుడు ఏం తేల్చుకోవాలని చూస్తున్నారు. ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చిన స్నేహితులతో మార్పించుకోండి, తప్పులు దిద్దడానికి ఏఐ వాడుకున్నా ఫరవాలేదు, ఆలోచన మాత్రం దానికి అప్పగించకండి. చిన్న చిన్న వాక్యాల మామూలు ఇంగ్లీషు చాలు. జ్యూరీలో కూర్చున్నవాళ్లలో చాలామందికి కూడా ఇంగ్లీషు సొంత భాష కాదు.

స్టేట్‌మెంట్ కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, దాని గురించి మీరు అడగలేదు. జ్యూరీ ముందు చూసేది ఫొటోలు. చాలా చోట్ల తెర మీద వరసగా వేస్తారు, ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలే, అందులో మీ మొదటి ఫొటో చూసి ఎవరైనా ముందుకు వంగితే సగం పని అయినట్టు. అందుకని అన్నిటికంటే గట్టి పని మొదట పెట్టండి, ఎప్పుడు చేశారన్నది తర్వాత. మీరు పంపిన వాటిలో రెండు ట్యూబులైటు కింద తీశారు, మట్టి రంగు పచ్చగా మారిపోయింది. పగలు నేరుగా ఎండ పడని చోట, ఖాళీ గోడ ముందు మళ్లీ తీయండి. దగ్గర నుంచి ఒక ఫొటో తప్పనిసరి, కాలిన బట్ట నేత మట్టి మీద అచ్చుపడి కనిపించాలి, అది కనబడకపోతే మీ పని మొత్తం ఎవరికీ అందదు. ప్రతి ఫొటో కింద పేరు, సంవత్సరం, పదార్థం, కొలతలు రాయండి. కొలతలు లేకపోతే అరచేతిలో పట్టే శిల్పం, మనిషెత్తు శిల్పం తెర మీద ఒకేలా ఉంటాయి.

ఇక "మా దగ్గరికే ఎందుకు రావాలనుకుంటున్నారు?" అనే ప్రశ్న. దీనికి ఆ చోటును పొగుడుతూ రాసే పేరా ఎవరూ చదవరు. మీకైతే జవాబు తేలిక, మీకు కొలిమి కావాలి. నెదర్లాండ్స్‌లో ఓయిస్టర్‌వైక్ అనే చోట యూరోపియన్ సెరామిక్ వర్క్ సెంటర్ ఉంది, పెద్ద కొలిములు, పక్కనుండి సలహా చెప్పే టెక్నీషియన్లు ఉంటారు, మట్టి పని కొత్తగా మొదలుపెట్టే కళాకారులను కూడా తీసుకుంటారు, అయితే ఖర్చులో కొంత మీరు వేరే చోట నుంచి తెచ్చుకోవాలి. జపాన్‌లో షిగరాకి సెరామిక్ కల్చరల్ పార్క్ ఉంది, తరతరాలుగా కుండలు చేసే ఊళ్లోనే రెసిడెన్సీ. "నా కొలిమిలో ఇంతకంటే పెద్ద ముక్క పట్టదు, మీ దగ్గర నిండు దుప్పటి పరిమాణంలో చేసి చూడాలి, పగుళ్లు ఎక్కడ వస్తాయో మీ టెక్నీషియన్లతో కలిసి కనుక్కోవాలి" అని రాస్తే అంతకు మించిన కారణం అక్కర్లేదు.

రిఫరెన్స్ లెటర్ కోసం కనీసం నెల ముందు అడగండి, అడిగేటప్పుడు మీరు ఏం చేయబోతున్నారో ఒక పేజీ రాసి ఇవ్వండి. పేరున్నవాళ్లు రాసిన నాలుగు పొడి మాటల కంటే మీ పనిని పక్కనుండి చూసినవాళ్లు రాసిన పేజీ మేలు.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేదు. నాకు ఇవన్నీ ఇస్తారా?

జవాబు: ఇస్తారు. డిగ్రీ అడగని చోట్లే ఎక్కువ, మెక్‌డవెల్ అడగదు, పొల్లాక్-క్రాస్నర్ అడగదు. వయసు పరిమితి పెట్టేవి కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేసి ముందుకు వెళ్లండి. "ఎమర్జింగ్" (ఇప్పుడిప్పుడే పైకొస్తున్న) అని రాస్తే చాలా చోట్ల అది మీ వయసు గురించి కాదు, ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారన్న దాని గురించి. తిరగేసి చూస్తే ఏళ్లు గడిచినవాళ్లకే ఇచ్చేవీ ఉన్నాయి. అమెరికన్ పెయింటర్ అడాల్ఫ్ గాట్‌లీబ్ పేరు మీద నడిచే ఫౌండేషన్ పెయింటర్లకు, శిల్పులకు, ప్రింట్‌మేకర్లకు ఏటా గ్రాంట్లు ఇస్తుంది, కనీసం 20 ఏళ్లు పరిణతితో పనిచేసి ఉండాలన్నది షరతు, ఏ దేశం వాళ్లయినా అడగొచ్చు. అగ్నిప్రమాదం, వరద, ఆరోగ్యం లాంటి అనుకోని ఆపద వస్తే ఇచ్చే అత్యవసర సాయం కూడా ఉంది, దానికి 10 ఏళ్లు చాలు. ఇన్నేళ్లలో మీరు చేసిన పనులకు ఫొటోలు, తేదీలు ఉన్నాయా? లేకపోతే ఈ నెల ఆ పని మీద కూర్చోండి, సీవీ దాన్నుంచే పుడుతుంది.

ప్రశ్న: ఒక ప్రాజెక్ట్ గ్రాంట్ 8,000 డాలర్ల వరకు ఇస్తుందట. బడ్జెట్ రాయమన్నారు. తక్కువ అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ కదా అని 3,500కి రాశాను. నా కోసం ఏమీ వేసుకోలేదు. సరిగ్గానే ఉందా?

జవాబు: సరిగ్గా లేదు, అందులోనూ "నా కోసం ఏమీ వేసుకోలేదు" అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. నాలుగు నెలలు మీరు పని చేస్తారు, ఫొటోగ్రాఫర్‌కి డబ్బు రాశారు, లారీకి రాశారు, పని చేసే మనిషికి సున్నా రాశారు. జ్యూరీలో కళాకారులు కూడా ఉంటారు, వాళ్లకు ఖర్చులు తెలుసు. తక్కువ రాసిన బడ్జెట్ చూస్తే పొదుపు అనుకోరు, ఈ మనిషి పని మధ్యలో ఆగిపోతుందేమో అనుకుంటారు.

మీరు పంపిన ప్లాన్ చూసి నేనైతే ఇలా వేస్తాను: పదార్థాలకు 1,900, వర్క్‌షాప్ అద్దె 1,200, సహాయకుడికి 900, ఫొటోలకు 400, రవాణాకు, ఇన్సూరెన్స్‌కు కలిపి 700, నాలుగు నెలలకు మీ పారితోషికం 2,400, అనుకోని ఖర్చులకు 500. మొత్తం 8,000. ప్రతి అంకె పక్కన అది ఎలా వచ్చిందో అర లైను రాయండి, "నెలకు 300, నాలుగు నెలలు" అని, అంతే. కళాకారుడి పారితోషికం ఒప్పుకోం అని గ్రాంట్ వాళ్లు స్పష్టంగా రాస్తే తప్ప ఆ లైను తీసేయకండి. ఒప్పుకోని గ్రాంట్ అయితే అసలు అప్లై చేయాలా అని కూడా ఆలోచించండి.

అన్ని గ్రాంట్లూ బడ్జెట్ అడగవు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రిన్స్ క్లాస్ ఫండ్ ఇచ్చే సీడ్ అవార్డులు వృత్తి మొదట్లో ఉన్న కళాకారుల కోసం, 5,000 యూరోలు ఇస్తారు, దేనికి ఖర్చు పెట్టుకోవాలో మీ ఇష్టం. ఏషియన్ కల్చరల్ కౌన్సిల్ 1963 నుంచి ఆసియాకీ అమెరికాకీ మధ్య, ఆసియా దేశాల మధ్య కళాకారుల ప్రయాణాలకు సాయం చేస్తోంది. స్విస్ కళా మండలి ప్రో హెల్వెషియా తన విదేశీ కార్యాలయాలున్న ప్రాంతాల కళాకారులను స్విట్జర్లాండ్‌కి రెసిడెన్సీలకు పిలుస్తుంది. ఒక చోట గది, ఇంకో చోట నుంచి ప్రయాణ ఖర్చు, ఇలా రెండు మూడు కలిపి సమకూర్చుకునేవాళ్లే ఎక్కువ. అన్నీ ఒకరే ఇస్తారని కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి.

ప్రశ్న: నాకు ఐదేళ్ల పాప ఉంది. తీసుకెళ్లొచ్చా?

జవాబు: చాలా చోట్ల కుదరదు, కొన్ని చోట్ల కుదురుతుంది, అప్లై చేసే ముందే మెయిల్ రాసి అడగండి, అడిగినందుకు మీ అప్లికేషన్‌ని ఎవరూ తక్కువగా చూడకూడదు. పాపను వదిలి వెళ్లే ఏర్పాటు ఉంటే తక్కువ రోజులు అడగండి. మెక్‌డవెల్ లాంటి చోట ఆరు వారాలన్నది గరిష్ఠం, అన్నీ ఉండి తీరాలని లేదు.

ప్రశ్న: మూడేళ్లుగా అప్లై చేస్తున్నాను. అన్నీ పెద్ద పేర్లే, యాడో, బెలాజియో, రిక్సాకడమీ. అన్నీ తిప్పి పంపారు. ఆపేయమంటారా?

జవాబు: పని ఆపొద్దు, ఈ జాబితాను మాత్రం మార్చండి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ల బెలాజియో సెంటర్ కోమో సరస్సు ఒడ్డున కొన్ని వారాలు ఉండే చోటు, రచయితలు, పరిశోధకులు, ప్రజా సమస్యల మీద పనిచేసేవాళ్లు అందరూ వస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్సాకడమీ రెండేళ్లు ఉండాల్సిన చోటు. యాడోలో పని చేసుకోవడానికి గది, భోజనం, నిశ్శబ్దం ఇస్తారు. ఈ మూడింటికీ పోలికే లేదు, కానీ మీరు మూడింటికీ ఒకే ప్రాజెక్ట్ పంపానని రాశారు. ప్రతి సంస్థ వెబ్‌సైట్‌లో పాత రెసిడెంట్ల జాబితా ఉంటుంది, అక్కడ ఒక గంట గడపండి. వాళ్లు అక్కడికి వెళ్లే నాటికి ఎక్కడున్నారో చూడండి, ఇప్పటి సంగతి కాదు. మీలాంటి స్థితిలో ఉన్నవాళ్లు కనిపిస్తే అప్లై చేయండి, ఎవరూ కనిపించకపోతే ఆ పేరు ఇంకొన్నాళ్లు ఆగనివ్వండి.

కొన్ని చోట్లకు అప్లై చేయడమే కుదరదు. ఇటలీలో ఉంబ్రియాలోని కోటలో నడిచే సివిటెల్లా రనియెరి ఫెలోషిప్‌కి ఎవరో మీ పేరు ప్రతిపాదించాలి. మీ పని తెలిసినవాళ్లు పెరిగితేనే ఇలాంటి తలుపులు తెరుచుకుంటాయి, అందుకని చిన్నవాటిని చిన్నచూపు చూడకండి. 1982లో శిల్పి ఆంథొనీ కారో, రాబర్ట్ లోడర్ కలిసి కళాకారులను రెండు వారాల పాటు ఒక చోట చేర్చి పని చేయించే వర్క్‌షాప్ మొదలుపెట్టారు. ట్రయాంగిల్ నెట్‌వర్క్ అలా పుట్టింది, లండన్‌లో స్టూడియోలు, రెసిడెన్సీలు నడిపే గ్యాస్‌వర్క్స్ కూడా అందులోదే. ఇప్పుడు ఎన్నో దేశాల్లో కళాకారులే నడిపే చిన్న సంస్థలు అందులో ఉన్నాయి. రెండు వారాలు పక్కపక్కన పనిచేసిన మనిషి రేపు ఇంకో చోట జ్యూరీలో ఉంటారు, లేదా మీ పేరు చెప్పే స్నేహితులవుతారు.

తిరస్కరించిన ఉత్తరం వచ్చిన రోజు ఏదీ తేల్చుకోకండి, అది మీ పని మీద తీర్పు కాదు. ఉన్న గదులు కొన్నే, జ్యూరీ చాలా చోట్ల ఏటా మారుతుంది, ఒకే అప్లికేషన్ ఒక ఏడాది పోయి మరుసటి ఏడాది వచ్చిన సందర్భాలు నేను చూశాను. అభిప్రాయం చెప్పమని మర్యాదగా ఒక మెయిల్ రాయండి. ఎక్కువమంది ఇవ్వరు, ఇచ్చే ఒక్కరి మాట మాత్రం చాలా విలువైనది.

ప్రశ్న: యూరప్‌లో నాలుగు నెలల రెసిడెన్సీకి సెలెక్ట్ అయ్యాను! ఇప్పుడు వీసా టెన్షన్ పట్టుకుంది. ఏం చూసుకోవాలి?

జవాబు: ముందుగా మనసారా అభినందనలు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, నాలుగు నెలలకు అది చాలదు. మీరు వెళ్లే దేశం ఇచ్చే లాంగ్ స్టే వీసా కావాలి, దానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. రెసిడెన్సీ వాళ్లిచ్చే ఆహ్వాన పత్రంలో మీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ, ఉండే చిరునామా, గది ఖర్చు ఎవరిది, స్టైపెండ్ ఎంత, ఏ తేదీల్లో ఇస్తారు అన్నవన్నీ ఉండాలి, "మేము సంతోషంగా ఆహ్వానిస్తున్నాం" అనే రెండు లైన్ల ఉత్తరం కాన్సులేట్‌లో పనిచేయదు. కావాల్సినవి మీరే రాసి పంపి, దీన్ని మీ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి అని అడగండి, వాళ్లూ సంతోషిస్తారు. ఇన్సూరెన్స్ ఎంత మొత్తానికి ఉండాలో, ఎన్ని రోజులకు ఉండాలో ఆ దేశం కాన్సులేట్ జాబితాలోనే చూడండి, షార్ట్ స్టేకి పెట్టిన 30,000 యూరోల కనీస లెక్క లాంగ్ స్టేకి అలాగే వర్తిస్తుందని అనుకోవద్దు. ఇంటర్వ్యూలో టూరిస్టునని చెప్పొద్దు, రెసిడెన్సీ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పడం సిద్ధం చేసుకోండి.

స్టైపెండ్ సాధారణంగా అక్కడికి వెళ్లి బ్యాంకు పనులు పూర్తయ్యాకే చేతికొస్తుంది. మొదటి మూడు నాలుగు వారాలకు ఎలా అన్నది ఇప్పుడే అడగండి, కొంత అడ్వాన్స్ ఇచ్చే వీలుందేమో కూడా అడగండి. అందులోంచి పన్ను ముందే పట్టుకుంటారా, పట్టుకుంటే ఎంత, మీ దేశం నుంచి ఏదైనా పత్రం తెస్తే తగ్గుతుందా అన్నది వాళ్ల అకౌంట్స్ మనిషిని నేరుగా అడగాల్సిన విషయం, డైరెక్టర్‌ని కాదు. తయారైన పనులు వెంట తీసుకెళ్తుంటే వాటి జాబితా, ఫొటోలు, విలువలతో ఒక కాగితం తయారుచేసి బయల్దేరేటప్పుడే కస్టమ్స్‌లో చూపించి ముద్ర వేయించుకోండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ బొమ్మలకే మీరు సుంకం కట్టాల్సి రావచ్చు. అక్కడ చేసిన పెద్ద పనులు వెనక్కి ఎవరి ఖర్చుతో వస్తాయో ఒప్పందంలో ఉందా చూడండి, లేకపోతే చుట్టి తెచ్చుకునేలా, విడదీసి తెచ్చుకునేలా పని ప్లాన్ చేసుకోండి.

విమానం టికెట్ వీసా చేతికొచ్చాకే కొనండి. వీసా ఆలస్యమైతే తేదీలు జరపగలరా అని రెసిడెన్సీకి ఇవాళే మెయిల్ పెట్టండి, ముందుగా అడిగితే చాలామంది సర్దుతారు, బయల్దేరాల్సిన వారంలో అడిగితే ఆ గది అప్పటికే ఇంకొకరిదై ఉంటుంది.